ఇరుకు ఇంటికి ఏ వాద్యం? కొనే ముందు తేల్చుకోవలసిన కొలతలు

చిన్న ఇంట్లోకి వాద్యం తెచ్చుకోవాలనుకునేవారు ముందుగా దాని పొడవు, వెడల్పు కనుక్కుని, గదిలో అంత ఖాళీ ఉందో లేదో చూసుకుంటారు. ఆ కొలత అవసరమే గాని, దానొక్కదాన్నే నమ్ముకుంటే ఎంపిక దారి తప్పుతుంది. వయొలిన్ పెట్టె సుమారు 80 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది కాబట్టి బీరువా అడుగు అరలోనో మంచం కిందనో ఇమిడిపోతుంది. అదే వయొలిన్‌ను నిలబడి వాయించేటప్పుడు దాదాపు 75 సెంటీమీటర్ల కమానును కొస దాకా లాగాలంటే కుడివైపు చేయి చాచినంత మేర ఏ అడ్డూ ఉండకూడదు. డిజిటల్ పియానో సంగతి దీనికి తలకిందులు: వాయించినా వాయించకపోయినా అది ఆక్రమించే చోటు దాదాపు ఒక్కటే. అందుచేత ప్రతి వాద్యానికీ రెండు కొలతలు రాసుకోవాలి. దాచిపెట్టినప్పుడు ఎంత, వాయించేటప్పుడు మనిషితో కలిపి ఎంత.

మూడో కొలత చోటుది కాదు, సమయానిది. వాయించాలని అనిపించినప్పటి నుంచి మొదటి స్వరం పలికే దాకా ఎంతసేపు పడుతుందన్నది ఆ కొలత. సామాను కిక్కిరిసిన ఇంట్లో అసలు చిక్కు ఇక్కడే ఉంది. కుర్చీ మీది బట్టలు తీసి, కుర్చీ జరిపి, మంచం కింద నుంచి రెండు సంచులు లాగి, వాటి వెనక ఉన్న పెట్టెను బయటికి తెచ్చి, స్టాండు విప్పి నిలబెట్టేసరికి పావుగంట సాధన కోసం దొరికిన పావుగంట కాస్తా అయిపోతుంది. చోటు తక్కువ తినే వాద్యం కంటే త్వరగా చేతికందే వాద్యమే ఇరుకు ఇంటికి మేలని నా అభిప్రాయం. కింద చెప్పే పోలికలన్నిటిలోనూ రెండింటి మధ్య తేడా స్వల్పంగా ఉన్నచోట నేను ఈ మూడో కొలతకే మొగ్గు చూపాను.

మీటల వాద్యాలు: పియానో, డిజిటల్ పియానో, కీబోర్డు, హార్మోనియం

ఇళ్లు ఇరుకైనందువల్ల వాద్యమే ఆకారం మార్చుకున్న సందర్భం పియానో చరిత్రలో ఉంది. నేల మీద అడ్డంగా పరచుకున్న పియానోలో తీగలను, వాటి చట్రాన్ని నిలువుగా నిలబెట్టి, నేల మీదే మొదలయ్యేలా చేసిన చిన్న పియానోకు జాన్ ఐజాక్ హాకిన్స్ 1800లో ఫిలడెల్ఫియాలో పేటెంటు తీసుకున్నాడు. ఇప్పుడు ఇళ్లలో కనిపించే నిలువు పియానో ఆ దారిలో వచ్చినదే. అయినా అది చిన్న వస్తువేమీ కాదు. వెడల్పు సుమారు 150 సెంటీమీటర్లు, లోతు 60, ఎత్తు 110 నుంచి 130 దాకా ఉంటాయి. బల్ల వేసుకుని కూర్చోవడానికి, లేవడానికి ముందువైపు మరో 90 సెంటీమీటర్లయినా వదలాలి. అంటే మంచం వేసుకోదగినంత నేల శాశ్వతంగా దానికి రాసిచ్చినట్టే.

బరువు ఇంకా పెద్ద సమస్య. లోపల సుమారు 220 తీగలు బిగించి ఉంటాయి, వాటి లాగుడంతా కలిపితే పదిహేను టన్నులు దాటుతుంది, ఆ లాగుడును భరించడానికి పోత ఇనుప చట్రం పెడతారు; అందుకే నిలువు పియానో తరచుగా 200 కిలోలకు అటూ ఇటూ తూగుతుంది. ఊడ్చుకోవడానికి పక్కకు జరిపే వస్తువు కాదది. గదిలో చోటు చూసుకునే ముందు మెట్ల మలుపు దగ్గర వెడల్పు, లిఫ్టు లోపలి కొలత, ద్వారబంధాల మధ్య దూరం చూసుకోవాలి, ఎందుకంటే చాలా పియానోల ప్రయాణం గది దాకా రాకుండానే మెట్ల మలుపులో ఆగిపోతుంది. మరో సంగతి, నాదం పలికించే చెక్క పలక నిలువు పియానోలో వెనకవైపు ఉంటుంది. చోటు కలిసొస్తుందని గోడకు పూర్తిగా ఆనించేస్తే నాదం మూగబోతుంది, కనీసం ఓ బెత్తెడు ఎడం ఉండాలి. ఇక దాని పైభాగం సామాను నిండిన ఇంట్లో ఎన్నాళ్లో ఖాళీగా ఉండదు. అక్కడ చేరిన ప్రతి చిన్న లోహపు వస్తువూ ఏదో ఒక స్వరానికి తానూ జిరజిరమంటుంది.

డిజిటల్ పియానో ఈ చిక్కుల్లో చాలావాటిని తీరుస్తుంది గాని, వెడల్పు చిక్కును మాత్రం తీర్చలేదు. 88 మీటలు పక్కపక్కన పేర్చితేనే సుమారు 122 సెంటీమీటర్లవుతుంది. మామూలు కొలత మీటలతో ఎవరు తయారు చేసినా అంతకంటే తగ్గించడం కుదరదు, ఎందుకంటే మీట వెడల్పు మన వేళ్లకు సరిపోయేలా ఎప్పుడో స్థిరపడిపోయింది. తగ్గేది లోతు, బరువు మాత్రమే. కాళ్లు లేని పలక తరహా పియానో లోతు 30 సెంటీమీటర్లకు అటూ ఇటూ, బరువు పది కిలోల నుంచి పాతిక కిలోల దాకా ఉంటుంది. దీన్ని మడత స్టాండుతో కలిపి కొని, ‘అవసరమైనప్పుడు వేసుకుని తర్వాత తీసేద్దాం’ అనుకునేవారు చాలామంది ఉంటారు. దాదాపు మనిషి భుజం ఎత్తు ఉండే పలకను, అందులోనూ పది కిలోలకు తగ్గని దాన్ని, ప్రతిరోజూ రెండుసార్లు ఎత్తి దించేవారు అరుదు. కాబట్టి మడత స్టాండు వల్ల చోటు మిగులుతుందన్న లెక్కను కొట్టివేసి, దానికి శాశ్వతమైన చోటు దొరుకుతుందా లేదా అని మాత్రమే ఆలోచించడం మంచిది.

రాసుకునే బల్ల మీదే పెట్టేస్తే సరిపోతుంది కదా అన్న ఆలోచన కూడా చాలామందికి వస్తుంది. ఇక్కడ ఎత్తు చూసుకోవాలి. పియానో మీటలు నేల నుంచి సుమారు 72, 73 సెంటీమీటర్ల ఎత్తులో ఉండేలా చేస్తారు. మామూలు బల్ల పైభాగమే 75 దాకా ఉంటుంది కాబట్టి దాని మీద పెట్టిన వాద్యం మీటలు 85కు చేరుతాయి. మోచేతులు కిందికి వేలాడవలసింది పోయి భుజాలు పైకి లేస్తాయి, కొన్ని వారాల్లో మెడ నొప్పి మొదలవుతుంది. కుర్చీ ఎత్తు పెంచుకోవచ్చు, అయితే అప్పుడు మోకాళ్లు బల్లకు తగలకుండా చూసుకోవాలి, కాళ్ల కింద పీట వేసుకోవాలి. బల్ల కిందికి జారిపోయే లోతైన సొరుగు ఉంటే దానిలో కీబోర్డు పెట్టుకోవడం ఇంతకంటే ఎంతో నయం.

61 మీటల కీబోర్డు సుమారు 95 సెంటీమీటర్ల పొడవు, నాలుగైదు కిలోల బరువు ఉంటుంది. దీన్ని నిజంగానే ఒక చేత్తో తీసి, మరో చేత్తో చోటు చేసుకుని పెట్టుకోవచ్చు. పాటలు వాయించుకోవడానికి, గాత్రానికి తోడుగా, స్వరజ్ఞానం కోసం ఇది చాలు. పియానో కోసం రాసిన సంగీతాన్ని క్రమంగా నేర్చుకోదలచినవారికి మాత్రం చాలదు. మీటలు తక్కువైనందువల్ల కాదు, అవి తేలికైనందువల్ల. అసలు పియానో మీట వెనక సుత్తి బరువు ఉంటుంది, ఆ బరువుకు అలవాటుపడని వేళ్లు తర్వాత మొదటి నుంచి నేర్చుకోవలసి వస్తుంది. అలాంటివారు మరో సామాను తీసేసైనా బరువు మీటలున్న 88 మీటల వాద్యానికి చోటు చేయాలి. మిగతా అందరికీ 61 మీటలదే నా సలహా.

హార్మోనియంను ఈ వరుసలో చాలామంది మరిచిపోతారు. సుమారు 60 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న పెట్టె, కరెంటు అక్కర్లేదు, స్టాండు అక్కర్లేదు, నేల మీద చాప పరచినంత చోటు చాలు. ఒక చేయి తిత్తికే సరిపోతుంది కాబట్టి రెండు చేతులతో వాయించే సంగీతం దీని మీద సాగదు; శబ్దాన్ని హెడ్‌ఫోనులోకి మళ్లించే వీలూ లేదు. దాచేటప్పుడు చెమ్మకు, ఎలుకలకు, పురుగులకు దూరంగా ఉంచాలి. తిత్తుల మడతలు చిరిగితే గాలి నిలవదు.

తంతి వాద్యాలు

గిటారు విషయంలో చోటు కోసం చిన్న సైజు కొనడం నాకు తెలివైన పనిగా తోచదు. పూర్తి సైజు గిటారు పొడవు సుమారు ఒక మీటరు, ముప్పాతిక సైజుది దాదాపు 90 సెంటీమీటర్లు. ఆ తేడా వల్ల ఏ మూలా ఖాళీ కాదు. పెద్దవారి వేళ్లకు గిటారు మెడ మీది మెట్ల మధ్య ఇరుకు మాత్రం మిగులుతుంది. ఉకులేలే పొడవు అందులో సగం, చిన్న రకమైతే 53 సెంటీమీటర్లే ఉంటుంది గాని, అది కుదించిన గిటారు కాదు, నాలుగు తీగలతో, వేరే శ్రుతితో ఉండే వేరే వాద్యం. ఉకులేలే ఇష్టమైతే దాన్ని కొనుక్కోవాలి, చోటు చాలక రాజీపడి కాదు. గిటారుకు అసలు పరిష్కారం గోడ. కొక్కేనికి వేలాడదీస్తే నేల మీద అంగుళం కూడా తీసుకోదు, గోడ నుంచి ముందుకు 15 సెంటీమీటర్ల దాకా వస్తుంది, రెండు సెకన్లలో చేతికందుతుంది. రాత్రివేళ వాయించేవారికి ఎలక్ట్రిక్ గిటారు మరింత అనుకూలం, ఎందుకంటే ఆంప్లిఫయరుకు కలపకపోతే అది పక్క గదికి కూడా వినిపించదు. పెద్ద ఆంప్లిఫయరు పెట్టెకు బదులు హెడ్‌ఫోను పెట్టుకునే అరచేతి పరికరం తీసుకుంటే నేలా మిగులుతుంది.

వీణ దగ్గరికి వచ్చేసరికి ఈ ఉపాయాలేవీ పనిచేయవు. సుమారు నాలుగడుగుల పొడవు, ఒక కొసన కుండ, మరో కొసన బుర్ర ఉన్న వాద్యాన్ని గోడకు ఆనించి నిలబెట్టడం ప్రమాదం, గిటారులా మెడ పట్టి వేలాడదీయడం కుదరని పని. పైగా దాని 24 మెట్లూ మైనం మీద అమర్చి ఉంటాయి. ఎండ పడే కిటికీ పక్కన గాని, శ్లాబు వేడి దిగే అటక మీద గాని ఉంచితే మైనం మెత్తబడి మెట్లు కదులుతాయి, వాటిని మళ్లీ శ్రుతికి సరిచూసి నిలబెట్టడం నిపుణులు చేయవలసిన పని. మంచం కింద ఎండ తగలదు గాని, బిరడలకూ (తీగలు బిగించే కొయ్యలకు) బుర్రకూ తగలకుండా పైన తగినంత ఎత్తు ఉందో లేదో చూసుకోవాలి, పెట్టెను లాగేటప్పుడు ఒక కొస పట్టి ఈడ్చకూడదు. వీణకు నా సలహా మిగతావాటికి భిన్నంగా ఉంటుంది. నేర్చుకునేది వీణే అయితే చోటు కోసం మరో వాద్యానికి మారవద్దు. ఒక గోడ పొడవునా తక్కువ ఎత్తున్న వెడల్పాటి బల్ల వేసి, మందపాటి బొంత పరిచి, దాని మీద వీణను గలీబుతో పడుకోబెట్టి, ఆ బల్ల కింద ఇంటి సామాను సర్దుకోండి. నేల ఎలాగూ పోతుంది కాబట్టి ఆ నేలనే రెండు అంతస్తులు చేసుకున్నట్టవుతుంది. దండి, అంటే మెడ భాగం, విడదీసి పెట్టెలో సర్దుకోగలిగే వీణలు కూడా దొరుకుతాయి గాని, అవి ప్రయాణాలకు సరిపోయినంతగా రోజువారీ సాధనకు సరిపోవు; ప్రతిసారీ బిగించి శ్రుతి చేసుకోవడం మళ్లీ మూడో కొలతను పెంచేస్తుంది. సితారుకు కూడా దాదాపు ఇదే వర్తిస్తుంది, ఎండిన సొరబుర్ర చిన్న దెబ్బకే పగులుతుంది కాబట్టి మరింత జాగ్రత్త కావాలి.

వయొలిన్ చోటు లెక్కలో ముందు వరుసలో ఉంటుంది. వాద్యం పొడవు 60 సెంటీమీటర్లు, బరువు అర కిలో లోపే. కర్ణాటక పద్ధతిలో నేల మీద కూర్చుని తలభాగాన్ని చీలమండ మీద ఆన్చి వాయిస్తే కమాను కదలిక కింద నుంచే సాగుతుంది, దీపాలు, ఫ్యానులు అడ్డు రావు. సుమారు మీటరున్నర చదరం చాలు. నిలబడి వాయించేవారు పైకప్పు ఎత్తు, అలమర తలుపులు చూసుకోవాలి. దీని చిక్కు శబ్దంలో ఉంది. వాయించేవారి ఎడమ చెవి పక్కనే మోగే ఆ నాదం చాలాసార్లు 85 డెసిబెళ్లు దాటుతుంది, గోడలు దగ్గరగా ఉన్న గదిలో అది ఇంకా గట్టిగా తిరిగొస్తుంది. గుర్రానికి, అంటే తీగలను మోసే చిన్న చెక్క ముక్కకు, తగిలించి నాదాన్ని తగ్గించే రబ్బరు మ్యూటు సాధన సమయంలో చాలా ఉపశమనం ఇస్తుంది. చెల్లో, డబుల్ బాస్ వంటి వయొలిన్ తరహా పెద్ద వాద్యాలు కావాలనుకునేవారికి మాత్రం ఒక మూలను పూర్తిగా వదులుకోవలసి ఉంటుందని ముందే చెప్పాలి. చెల్లోకు ఒక మూల చాలు, డబుల్ బాస్‌కు మనిషంత చోటు కావాలి.

తాళ వాద్యాలు, చప్పుడు ప్రయాణించే దారి

మృదంగం, తబలా తమ నాదంతో పోలిస్తే చాలా తక్కువ చోటు తీసుకుంటాయి. మృదంగం సుమారు 60 సెంటీమీటర్ల పొడవున్న గుండ్రని వస్తువు; ఒరలో పెట్టి అలమరలో పడుకోబెట్టవచ్చు, దొర్లకుండా రెండు పక్కలా ఆపు ఉంటే చాలు. తబలా జత చుట్టకుదుళ్ల మీద కూర్చుంటుంది. రెండింటికీ చెమ్మే శత్రువు, తోలు వదులైతే శ్రుతి నిలవదు కాబట్టి తడి గోడను ఆనుకున్న అరలు వీటికి పనికిరావు. పాశ్చాత్య డ్రమ్ముల సెట్టు పరిచితే సుమారు రెండు మీటర్ల వెడల్పు, మీటరున్నర లోతు పడుతుంది. సామాను నిండిన ఇంట్లో ఆ ప్రస్తావనే అనవసరం. ఎలక్ట్రానిక్ సెట్టు అందులో సగానికి కాస్త ఎక్కువ తీసుకుంటుంది.

ఎలక్ట్రానిక్ సెట్టు నిశ్శబ్దంగా ఉంటుందన్న మాట సగమే నిజం. గాలిలో వచ్చే చప్పుడు వేరు, నేల గుండా, గోడల గుండా వెళ్లే చప్పుడు వేరు. హెడ్‌ఫోను మొదటిదాన్ని చాలావరకు ఆపుతుంది. కాలితో పెడలు తొక్కిన దెబ్బ మాత్రం నేలలోకి దిగి కింది అంతస్తువారి పైకప్పును మోగిస్తుంది. మామూలు తివాచీ దాన్ని పెద్దగా ఆపదు. కింద మందపాటి మెత్తని పొర, దాని మీద గట్టి చెక్క పలక, ఆ పైన సెట్టు పెడితే కొంత తగ్గుతుంది. డిజిటల్ పియానో మీటల టకటక కూడా ఇదే దారిలో వెళ్తుంది, అయితే అంత తీవ్రంగా కాదు. కింద ఎవరూ లేని నేలంతస్తులో ఉండేవారికి ఎలక్ట్రానిక్ సెట్టు మంచి ఎంపిక. పై అంతస్తులో ఉండేవారికి చేతులతో వాయించే వాద్యం, లేదా అడుగు వెడల్పున్న రబ్బరు సాధన పలక నయం. చేతివాటం కుదురుకోవడానికి ఆ పలకే చాలు. కహోన్ అనే చెక్కపెట్టె వాద్యం ఒకటుంది, దాదాపు 30 సెంటీమీటర్ల చదరం, 50 సెంటీమీటర్ల ఎత్తు. వాయించేవారు దాని మీదే కూర్చుంటారు, వాయించనప్పుడు స్టూలుగా వాడుకోవచ్చు. ఒక వస్తువు తెచ్చి మరో వస్తువును బయటికి పంపే అవకాశం వాద్యాల్లో దాదాపు దీనికొక్కదానికే ఉంది.

ఊదే వాద్యాల గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. వేణువు ఏ సొరుగులోనైనా పడుతుంది, పాశ్చాత్య ఫ్లూటు మూడు ముక్కలుగా విడిపోతుంది. వీటిని కాదనడానికి చోటు ఎప్పుడూ కారణం కాదు. ట్రంపెట్, శాక్సోఫోన్ వంటివి పొరుగువారి ఓపికను బట్టి తేల్చుకోవలసినవి.

గోడా, స్టాండా, పెట్టా

నేల మీద నిలిచే స్టాండు ఇరుకు ఇంటికి అన్నిటికంటే చెడ్డ ఎంపిక. నేలా తీసుకుంటుంది, దారినపోయే కాలు తగిలి వాద్యమూ పడుతుంది. గోడ కొక్కెం దానికంటే ఎంతో మేలు, అయితే ఏ గోడ అన్నది ముఖ్యం. వానకు తడిసే బయటి గోడ, స్నానాల గదితో ఉమ్మడిగా ఉన్న గోడ, వంటింటి ఆవిరి తగిలే గోడ పనికిరావు. చెక్క వాద్యాలు గాలిలో తేమ 40 నుంచి 60 శాతం మధ్య ఉన్నప్పుడు క్షేమంగా ఉంటాయి. అంతకంటే పెరిగితే చెక్క ఉబ్బి జిగురు సడలుతుంది, బాగా తగ్గితే పగుళ్లిస్తుంది. చిన్న తేమమాపకం ఒకటి కొని గోడకు పక్కన వారం రోజులు ఉంచి చూస్తే సందేహం తీరిపోతుంది. రంధ్రాన్ని పైపూతలో ఆపకుండా లోపలి ఇటుక దాకా తొలిచి ప్లగ్గుతో మరను బిగించాలి, తలుపు తెరుచుకునే దారిలో వేలాడదీయకూడదు. నేరుగా ఏసీ గాలి తగిలే చోటూ వద్దు.

పెట్టె సురక్షితమే గాని సాధనకు పెట్టెంత అడ్డు మరొకటి లేదు. ఇంట్లో రెండు మూడు వాద్యాలున్నప్పుడు నేను సూచించే పద్ధతి ఒకటే. ఈ నెల నేర్చుకుంటున్న వాద్యం ఒక్కటే చేతికందే చోట ఉండాలి, మిగతావి పెట్టెల్లోకి వెళ్లాలి. ధ్యాస మారినప్పుడు చోట్లు కూడా మార్చుకోవాలి. చాలాకాలం పెట్టెలో ఉండబోయే గిటారు తీగలను కాస్త వదులు చేయవచ్చు. వయొలిన్ విషయంలో నాలుగు తీగలనూ ఒకేసారి పూర్తిగా వదిలేయకూడదు, ఎందుకంటే లోపల పైపలకకూ కిందిపలకకూ మధ్య నిలిచిన చిన్న చెక్క పుల్ల ఆ బిగువు మీదే ఆధారపడి ఉంటుంది, బిగువు పోతే అది పడిపోతుంది. కమాను వెంట్రుకలను మాత్రం ప్రతిసారీ వాయించడం అయ్యాక సడలించాలి.

ఇంతా చూసుకుని ఒక వాద్యం మీద మనసు నిలిచాక, డబ్బు కట్టే ముందు ఒక పని చేయండి. ఆ వాద్యం వాయించేటప్పటి కొలతకు, అంటే బల్ల, కాళ్లు, కమాను చేయి అన్నీ కలిపి, అట్టలు కత్తిరించి అనుకున్న చోట నేల మీద పరచి వారం పది రోజులు అలాగే వదిలేయండి. బీరువా తలుపు తెరిస్తే అట్టకు తగులుతుందా, రాత్రి నీళ్ల కోసం లేచినవారు దాన్ని తొక్కుతున్నారా, ఎవరైనా దాని మీద సంచి పెట్టి మరిచిపోయారా అన్నవి చూడండి. అట్ట మీద సామాను చేరితే నేల మీద వాద్యానికి చోటు లేదని అర్థం. అప్పుడు గోడకు వేలాడేదో, ఒక చేత్తో తీసి పెట్టగలిగేదో ఎంచుకోవాలి.